ఒక్క అంపియర్ సినిమా హాలు

మే 11, ఆదివారం. ఉదయం 9:10

ఈ ఇంట్లో నన్నెవరూ సరిగ్గా అర్థం చేసుకోరు. రుజువు కావాలంటే ఇవాళ్టి టీ.

"నాకు ఒక అంపియర్ కావాలి" అన్నాను. నాలుగే మాటలు. విన్నవాళ్లు నలుగురు.

అమ్మకు అర్థమైంది: పిల్లకు ఇంట్లో తోచడం లేదు, సంబంధం చూడాలి.

ముహన్నద్ అన్నకు అర్థమైంది: చెల్లికి వీడియో గేముల పిచ్చి పట్టింది.

నాన్నకు అర్థమైంది: మళ్లీ జుట్టు ఆరబెట్టే మిషన్ కొంటోంది. (ఆయన బస్రా రైలు నడుపుతాడు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. క్షమించేశాను.)

బీబీ మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, "ఎవరి వాటాలోంచి?" అంది.

బీబీ అంటే మా నాన్నను కన్న మహాతల్లి, ఈ ఇంటి విద్యుత్ మంత్రి. సర్కారు కరెంటు పోగానే వసారాలో ఉన్న మీట కిందికి లాగి, ఇంటిని వీధి జనరేటర్ మీదికి మార్చేది ఆవిడే. ఆ మీట కిందే ఆవిడ కుర్చీ. జనరేటర్ అబూ సత్తార్ బాబాయిది. మాకు ఆయనిచ్చేది నాలుగు అంపియర్లు. కూలర్ ఒకటిన్నర, ఫ్రిజ్ ఒకటి, లైట్లూ ఫ్యాన్లూ అర. మిగిలేది ఒక్కటి. టీవీ బతికేది అందులోనే.

సాయంత్రం 5:40

టీవీకి తగిలించే సినిమా కంప్యూటర్ గురించి బీబీతో చర్చలు సఫలం.

"ఎంత తింటుంది నీ పెట్టె?"

"టీవీతో కలిపి ఒకటి దాటదు బీబీ."

"టీవీ తిండి నాకు తెలుసు. సగంలోపే. మిగతాదంతా నీ పెట్టెకేనా? అదేమన్నా కొత్త పెళ్లికూతురా, అంత మర్యాద?"

"సీరియళ్లన్నీ అందులో దాచుకోవచ్చు. కరెంటు పోయి ఎపిసోడ్ తప్పిపోయిందనుకో, మళ్లీ వేసుకోవచ్చు."

బీబీ కళ్లు చిట్లించింది. "ఏడ్చే ఘట్టాలు కూడానా?"

"ఎన్నిసార్లు ఏడవాలంటే అన్నిసార్లు."

"సరే, ఇచ్చాను. దాటిందో, మీట నా చేతిలో ఉంది."

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కంప్యూటర్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి రెండేళ్లు. పెట్టిన దరఖాస్తులు ముప్పై ఒకటి. పోయిన వారం సినాఆ అనే కంప్యూటర్ల వీధిలో, మేస్త్రీలందరికీ మేస్త్రీ అయిన ఉస్తా నాజిమ్ దుకాణానికెళ్లి పని అడిగాను. టీవీకి తగిలించుకునే సినిమా కంప్యూటర్లు అమ్మడం, పాడైతే బాగుచేయడం ఆయన వ్యాపారం. నా పట్టా వైపు చూడనైనా చూడలేదు.

"బెంచి మీద పనిచేసే పెట్టె తయారుచేసేవాళ్లు ఈ వీధిలో వందమంది ఉన్నారు, ఇంజనీరమ్మా. నా బెంచి మీద అన్నీ బ్రహ్మాండంగా ఆడతాయి. కొన్నవాడి ఇంటికెళ్లాక చస్తాయి. ఎందుకో నాకు తెలీదు. నువ్వు మీ ఇంట్లో, మీ కరెంటు మీద, ఇరవై రోజులు బతికే పెట్టె కట్టి చూపించు. అదిగో, కిటికీ పక్క బెంచి. నీదే."

కిటికీ పక్క బెంచి! మీద దీపం, పక్కన సోల్డరింగు స్టాండు, నా పేరు రాసుకోవడానికి సొరుగు!

నియమాలు:

1. ఇల్లు నాకిచ్చింది ఒక్క అంపియర్. దాటకూడదు.
2. ఖర్చు లక్షా యాభై వేల దీనార్లు. ట్యూషన్ల డబ్బు. అంతకుమించి ఒక్క దీనారు కూడా కాదు.
3. సినిమా చూపిస్తే చాలు. గేములు వద్దు, రంగు లైట్లు వద్దు.
4. ముహన్నద్ అన్న సలహా అడగకూడదు. ఆయన ఫోన్ రీచార్జి కార్డులు అమ్ముతాడు, అందుకని ఇంట్లో సాంకేతిక విషయాలకు ఆయనే పెద్దదిక్కు.
5. ఇరవై రోజులూ ఎవరి దగ్గరా గొప్పలు పోకూడదు.

ఇంత తేలికైన ప్రతిజ్ఞ లోకంలో ఎవరూ చేసి ఉండరు.

మే 12, సోమవారం. ఉదయం 10:30

సినాఆ వీధి. ఐదు దుకాణాలు తిరిగాను. ఐదింట్లోనూ ఒకటే ప్రశ్న: "మీ అన్నయ్యకా, చెల్లీ?" ఐదో చోట విసుగొచ్చి "మా నాయనమ్మకు" అన్నాను. అతను మారుమాట లేకుండా పది శాతం తగ్గించాడు. ఈ కిటుకు గుర్తుంచుకోవాలి.

కొన్నవి: ఏదో ఆఫీసు వదిలించుకున్న చిన్న కంప్యూటర్, నిఘంటువంత ఉంది, డెబ్బై వేలు. కొత్త డిస్కు, ఇరవై ఐదు. స్పీకర్ల జత, ఇరవై. ఒళ్లో పెట్టుకునే కీబోర్డు, పన్నెండు. వీడియో తీగ, ఐదు.

మొత్తం నూట ముప్పై రెండు వేలు. పద్దెనిమిది వేలు మిగిలాయి! నేను ఆర్థిక మంత్రిని కావలసినదాన్ని.

సాయంత్రం 6:00

మూత విప్పాను. లోపల ఆ ఆఫీసులో పదేళ్లుగా ఎవరూ పని చేయనంత దుమ్ము. బ్రష్‌తో దులిపాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాను. మొదటి నొక్కుకే లేచింది.

మే 13, మంగళవారం. ఒకటో రోజు! సాయంత్రం 7:15

సర్కారు కరెంటు పోయింది. బీబీ మీట లాగింది. కరెంటు రాగానే దానంతటదే లేచేలా పెట్టెను ముందే సెట్ చేశాను. నలభై సెకన్లలో సీరియల్ ఆగినచోట నుంచే మొదలైంది. హీరోయిన్ చెంప మీద కన్నీటి చుక్క కూడా అక్కడే ఉంది.

మీటర్ పెట్టి చూశాను: టీవీ, పెట్టె, స్పీకర్లు అన్నీ కలిపి 0.7 అంపియర్.

బీబీ: "మర్యాదస్థురాలే."

అమ్మ తీగలన్నీ వరసగా కట్టి ఉండటం చూసి మురిసిపోయింది. "ఎంత పొందిగ్గా సర్దావే! నీ అత్తగారు పెట్టిపుట్టింది."

అత్తగారట. మొగుడు ఇంకా పుట్టనేలేదు, అత్తగారు మాత్రం ముందే తయారు.

మే 15, గురువారం. మూడో రోజు. సాయంత్రం 5:00

ముహన్నద్ అన్న పెన్‌డ్రైవ్‌లో ఒక సినిమా తెచ్చాడు. ఫోర్ కె అట. పెట్టాను. పెట్టె పాపం గుటకలు మింగింది. గుర్రం ఒక కాలు ఎత్తింది. మేం టీ తాగాం. గుర్రం ఆ కాలు దించింది.

"ఇది సినిమానా, ఫోటోల ఆల్బమా?" అన్నాడు అన్న. "గుమాస్తా కంప్యూటర్‌తో సినిమా హాలు కట్టింది మన ఇంజనీరు! గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఎవరైనా కడతారా?"

దీనికి మందు నాకు తెలుసు. కొంచెం చిన్న సైజు ఫైలు వేసుకోవాలి, అంతే. మా టీవీ దూరానికి తేడా కనిపెట్టాలంటే గద్ద అయి ఉండాలి. కానీ అన్న నవ్వు ఉంది చూశారూ, అది చిన్న సైజులో రాదు.

నియమం 4 చెక్కుచెదరలేదు. సలహా నేను అడగలేదు. ఆయనే ఇచ్చాడు.

మే 17, శనివారం. ఐదో రోజు. మధ్యాహ్నం 1:20

గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. వాడినదే. తొంభై వేలు. మంచి బేరం.

కార్డు నిఘంటువులో పట్టదు. కనుక పెద్ద పెట్టె. పెద్ద పెట్టెకు పెద్ద మదర్‌బోర్డు, దానికి నాలుగువందల యాభై వాట్ల పవర్ సప్లై. పెట్టెతోపాటు రంగు లైట్లు ఊరికే వచ్చాయి. ఊరికే వచ్చినవాటికి నియమం 3 వర్తించదు.

నియమం 2 సంగతి. పిల్లలిద్దరి దగ్గర జూన్ నెల ట్యూషన్ ఫీజు ముందే తీసుకున్నాను. అది నా డబ్బే, కాకపోతే భవిష్యత్తులోది. ఇంకా చాల్లేదు. సరిగ్గా అప్పుడే అమ్మ నలభై వేలు చేతిలో పెట్టింది. సలీమా పిన్ని నాకోసం ఆడపిల్లల ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు ఉద్యోగం చూసిందట. ఇంటర్వ్యూకి మంచి బూట్లు కొనుక్కోమని ఆ డబ్బు.

ఇంటికి రాగానే, "బూట్లు కొన్నావా? ఎంత సైజు?" అంది అమ్మ.

"నాలుగువందల..." అని నాలిక కరుచుకున్నాను. "ముప్పై ఏడు."

చిన్న కంప్యూటర్‌ను పక్కన పెట్టగానే అమ్మ దాని మీద గుడ్డ వేసి పూలకూజా పెట్టింది. మంచి స్టూలు దొరికిందట.

పెట్టె మారింది కానీ ఇల్లు మారలేదు కాబట్టి రోజుల లెక్క కొనసాగుతుంది.

మే 18, ఆదివారం. ఆరో రోజు

6:05. గుర్రం పరుగెత్తింది! ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది! ముహన్నద్ అన్న నోరు తెరిచాడు, వెక్కిరించడం మరిచిపోయాడు. జన్మలో మొదటిసారి.

6:09. ఫ్రిజ్ మోటారు ఎత్తుకుంది. ఇల్లంతా ఆరిపోయింది.

6:20. మళ్లీ.

6:50. మళ్లీ.

ఇలా కరెంటు కట్టయితే మళ్లీ వేసే స్విచ్ మా ఇంట్లో ఉండదు, వీధి చివర అబూ సత్తార్ బాబాయి జనరేటర్ షెడ్డులో ఉంటుంది. మూడోసారి ఆయనే నడుచుకుంటూ మా గుమ్మంలోకొచ్చాడు.

"తల్లీ హదీల్, వెల్డింగ్ షాపు పెట్టుకోవాలంటే చెప్పి పెట్టుకోండమ్మా. నేనూ వచ్చి ప్రారంభిస్తాను."

"వెల్డింగ్ కాదు బాబాయ్, కంప్యూటర్."

"దేన్ని వెల్డింగ్ చేస్తుందది?"

మీటర్: టీవీతో కలిపి 1.3. బీబీ తీర్పు ఒకే ఒక్క వాక్యం. "మాట అంటే మాటే, ఆ లైట్ల గాడిదను విప్పేయ్."

మే 20, మంగళవారం. ఎనిమిదో రోజు. ఉదయం 11:00

నేను మేధావిని.

మా పెరటి గోడ అవతల ఫర్ఖద్ వాళ్లమ్మ, ఉమ్ ఫర్ఖద్ గారి ఇల్లు. గుమ్మం వెనక వీధిలోకి ఉంటుంది కాబట్టి వాళ్లది వేరే జనరేటర్. వాళ్లకు ఒక అంపియర్ మిగులు. వాళ్లమ్మాయికి నేను లెక్కలు చెబుతాను, వాళ్లు నాకు కరెంటు ఇస్తారు. తీగ గోడ మీంచి, వంటింటి కిటికీలోంచి, హాల్లోకి. ఈ ఊళ్లో గోడ దాటని తీగ ఎవరింట్లో ఉంది? టీవీ మా కరెంటు తింటుంది, పెట్టె వాళ్ల కరెంటు తింటుంది. మధ్యలో వీడియో తీగ.

నియమం 1 మరోసారి చదివాను. "ఇల్లు నాకిచ్చింది ఒక్క అంపియర్" అని రాసి ఉంది. ఇది పక్కింటి అంపియర్. నియమం భేషుగ్గా ఉంది.

సాయంత్రం 7:00

గంటన్నర సినిమా. ఒక్కసారి కూడా ఇల్లు ఆరలేదు. బీబీ మీట వైపు చూస్తూ కూర్చుంది, నేరస్థుడు దొరకని పోలీసులా.

మే 21, బుధవారం. తొమ్మిదో రోజు. సాయంత్రం 6:30

స్పీకర్లలో ఒక మూలుగు. మామూలు మూలుగైతే రాయను. ఇది ఊపిరి పీల్చి వదులుతోంది. వూం అని పెరిగి, తగ్గి, రెండు క్షణాలకు మళ్లీ పెరుగుతోంది. భోంచేసి పడుకున్న మేనమామలా. ఇరవై వేల స్పీకర్లు అలాగే ఏడుస్తాయి, కొత్తవి కొనాలి.

బీబీ టీవీ వెనక దుమ్ము తుడుస్తూ చెయ్యి లాక్కుంది. "ఈ తీగ కొరుకుతోందే."

"తీగ కొరకదు బీబీ. నీ చేతి నరాలు అవి. మాత్ర వేసుకున్నావా?"

"నా నరాలు నాకు తెలీవా? చీమ కుట్టినట్టు కొరుకుతోంది."

"సరే, కొరుకుతోంది. తుడవకు మరి."

రేపు నరాల మాత్రలు తేవాలి.

మే 22, గురువారం. పదో రోజు. మధ్యాహ్నం 3:00

సగానికి వచ్చేశాం! కిటికీ పక్క బెంచి దగ్గర ఎండ ఎటునుంచి పడుతుందో కూడా ఆలోచించాను.

రేపు శుక్రవారం భోజనానికి సలీమా పిన్ని వస్తోంది. బడి ప్రిన్సిపాల్ సిత్ ఇబ్తిహాల్‌ను (మేడమ్ అనకూడదు, సిత్ అనాలి) కూడా వెంటబెట్టుకొస్తోందట. "ఇంటర్వ్యూ అని కాదు, ఊరికే చూసినట్టుంటుంది" అంది అమ్మ. అన్నం కూరి దోల్మా చుట్టడానికి ద్రాక్షాకులు నానబెట్టింది. అమ్మ దోల్మా చేస్తోందంటే అది ఇంటర్వ్యూయే.

వాళ్లకు సినిమా హాలు చూపిస్తాను. గొప్పలు పోవడం కాదు. ప్రదర్శన.

మే 23, శుక్రవారం. పదకొండో రోజు

మధ్యాహ్నం 2:00. దోల్మా అద్భుతం. సిత్ ఇబ్తిహాల్ మూడుసార్లు వడ్డించుకుంది, మూడుసార్లూ వద్దు వద్దంటూనే.

2:40. హాల్లో కర్టెన్లు మూశాను. రంగు లైట్లు వెలిగించాను. ఉపన్యాసం మొదలుపెట్టాను.

2:46. "ఏ సాకెట్‌లో పెట్టినా బొమ్మ వస్తుంది, చూడండి" అంటూ వీడియో తీగను టీవీ మొదటి సాకెట్‌లోంచి లాగి రెండోదాంట్లో పెట్టబోయాను. తీగ మొన తగిలీ తగలకముందే టిక్ మంది. సన్నటి నీలం మెరుపు. బొమ్మ లేదు. మొదటిదాంట్లో పెట్టాను, బొమ్మ లేదు. మూడోదాంట్లో కూడా అంతే.

2:47. రంగు లైట్లు మాత్రం దివ్యంగా వెలుగుతున్నాయి.

2:50. ముహన్నద్ అన్న డిష్ పెట్టెను టీవీకి తగిలించి చూశాడు. అదీ ఆ సాకెట్లలోనే కదా. నలుపు.

"ఇంట్లో ఉన్న ఒక్క టీవీ! ఒక్కగానొక్క టీవీ! దాన్ని కూడా చంపావు కదే!"

"తీగ నాసిరకం అన్నా."

"తీగ నాసిరకమా, ఇంజనీరు నాసిరకమా?"

అమ్మ అన్నను కసిరింది, కానీ సగం కసురు నాకు తగిలింది. బీబీ గడియారం వైపు చూసింది. ఐదు గంటల సీరియల్ లేదని ఆవిడకు నాకంటే ముందే అర్థమైంది.

సిత్ ఇబ్తిహాల్ మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఏం ఉత్సాహం! ఆడపిల్లలకు ఇలాంటి టీచరే కావాలి. పాఠాలు తేలికేలే, ఉత్తరాలు టైపు చేయడం, రంగులేయడం నేర్పితే చాలు. వేసవి తరగతులు జూన్ ఒకటి, ఆదివారం మొదలవుతాయి. వచ్చేయమ్మా."

ఇల్లంతా ముబారక్‌లు. నా చేతిలో ఇంకా ఆ తీగ ఉంది.

మే 24, శనివారం

పన్నెండో రోజు అని రాసి కొట్టేశాను.

మే 25, ఆదివారం. ఉదయం 11:30

కూలర్ ముందు పడుకున్నాను. మిగిలిన దోల్మా తిన్నాను. చల్లగా కూడా బాగానే ఉంది.

ఆలోచిస్తే బడే మంచిదేమో. జీతం వస్తుంది. ఎవరూ "మీ అన్నయ్యకా?" అని అడగరు. ఉత్తరాలు టైపు చేయడం కూడా ఇంజనీరింగే, ఒక రకంగా.

డిష్ పెట్టెను పాత మూడు రంగుల తీగతో టీవీకి కలిపాను. ఆ సాకెట్లు బతికే ఉన్నాయి. బొమ్మ వచ్చింది. బీబీ సీరియల్ పది నిమిషాలు చూసి, "అందరూ నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టుంది" అంది.

మే 26, సోమవారం. సాయంత్రం 4:30

బీబీ కుర్చీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. ఓడిపోయినవాళ్ల పని అది.

"నేను చెప్పినప్పుడు విననేలేదు నువ్వు" అంది బీబీ, కాయల వైపు చూస్తూనే.

"ఏం చెప్పావు?"

"కొరుకుతోందని."

నాకు కోపం రాబోయి ఆగింది. "ఎప్పుడెప్పుడు కొరికింది బీబీ?"

"అడిగావా, అమ్మయ్య! నువ్వు గోడ మీంచి ఆ తీగ లాగిన రోజు నుంచి. అంతకుముందు లేదు. అటు ఇటు రెండు వైపులా సర్కారు కరెంటు ఉన్నప్పుడు కొరకదు. మన అబూ సత్తార్, వాళ్ల వీధివాడు ఇద్దరూ జనరేటర్లు నడిపినప్పుడు గట్టిగా కొరుకుతుంది. గురువారం ఉమ్ ఫర్ఖద్ ఇస్త్రీ చేసుకుంటానని తీగ పీకేసింది చూడు, ఆ గంటా లేదు. నేను రోజంతా ఇక్కడే కూర్చుంటా. నాకు ఇంకేం పని?"

చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయాయి.

మీటర్ తెచ్చాను. గోడ తీగను మళ్లీ పెట్టెకు తగిలించాను. బీబీని దూరంగా జరిపి, రెండు జనరేటర్లూ నడుస్తుండగా, టీవీ సాకెట్ ఇనుప అంచుకూ పెట్టె సాకెట్ ఇనుప అంచుకూ మధ్య కొలిచాను.

తొంభై మూడు వోల్టులు.

మళ్లీ కొలిచాను. తొంభై ఒకటి, తొంభై ఐదు, తొంభై రెండు. ఊపిరి పీల్చి వదులుతోంది. స్పీకర్ల మూలుగులాగే!

తీగ నాసిరకం కాదు. రెండు వీధుల జనరేటర్లను మా హాల్లో ముడిపెట్టాను నేను. ఒకరి వేగం ఒకరికి కుదరదు, ఒకరి సున్నా ఇంకొకరికి సున్నా కాదు. ఇద్దరి పేచీ ఆ సన్నటి వీడియో తీగ మీద పడింది. ఇంట్లో ఒకే కరెంటు ఉన్నవాడికి ఈ జబ్బు రాదు. గోడ మీంచి తీగ లాక్కునే మాబోటివాళ్లకే వస్తుంది.

ఉస్తా నాజిమ్ బెంచి మీద ఎందుకు రాదు? అక్కడ టీవీ, పెట్టె ఒకే సాకెట్‌లోంచి తింటాయి!

నన్ను ఎవరూ అర్థం చేసుకోరని ఈ డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. ఆవిడ చెయ్యి చూపించి చెబితే నేను మాత్ర వేసుకోమన్నాను. ఇది కూడా రాసి పెట్టుకోవాలి కాబట్టి రాశాను.

మే 28, బుధవారం. ఉదయం 10:00

ఉస్తా నాజిమ్ దుకాణం.

చెప్పిందంతా విన్నాడు. లేచి, బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. నిండా చచ్చిన బోర్డులు. అన్నీ వీడియో సాకెట్ దగ్గరే కాలాయి.

"పద్నాలుగు. రెండేళ్లుగా తీగ నాసిరకమని చెబుతున్నా అందరికీ."

"ఫోన్ చేసి అడుగుదాం ఉస్తా. టీవీ ఏ కరెంటు మీద, పెట్టె ఏ కరెంటు మీద?"

నలుగురికి చేశాడు. మొదటివాడు: టీవీ జనరేటర్ మీద, పెట్టె తమ్ముడింటి తీగ మీద. రెండోవాడు: అంతే. మూడోవాడు "అది మీకెలా తెలుసు?" అని భయపడ్డాడు, చేసింది దొంగ కనెక్షనేమో. నాలుగోవాడిది మాత్రం పిల్లాడు జ్యూస్ పోశాడట.

ఉస్తా ఫోన్ పెట్టేసి ఆ అట్టపెట్టె వైపు చూశాడు. నేను కిటికీ పక్క బెంచి వైపు చూశాను.

"కారణం పట్టుకున్నావు" అన్నాడు. "శభాష్. మరి బతికిన పెట్టె ఏది?"

"కారణం దొరికాక పెట్టె ఎంతసేపు ఉస్తా!"

"రోగం పేరు చెప్పినవాడు వైద్యుడు కాదు, ఇంజనీరమ్మా. ఇరవై రోజులన్నాను. నీది పదకొండో రోజు పోయింది. మాట మార్చను."

మహా మొండివాడు. తిట్టుకున్నాను. మెట్లు దిగేటప్పటికి ఆయన చెప్పిందే సరైనదని తెలిసి ఇంకా తిట్టుకున్నాను.

మళ్లీ ఎక్కాను. గ్రాఫిక్స్ కార్డు, పెద్ద పెట్టె, పవర్ సప్లై, లైట్లు అన్నీ ఆయనకే ఇచ్చేస్తానన్నాను. బదులుగా, తెర పగిలిన మా మోడల్ టీవీ ఒకటి మూలన పడి ఉంది, దాని లోపలి బోర్డు. ఆయన గడ్డం గీరుకుని, "లైట్లు నువ్వే ఉంచుకో" అన్నాడు.

మే 30, శుక్రవారం. సాయంత్రం 4:00

టీవీ బోర్డు మార్చాను. పద్దెనిమిది స్క్రూలు. బీబీ టార్చ్ పట్టుకుంది, వెలుగు నేను అడిగిన చోట కాక ఆవిడకు నచ్చిన చోట వేస్తూ. ముహన్నద్ అన్న సలహాలివ్వడానికొచ్చాడు. బీబీ టార్చ్ తిప్పి సూటిగా ఆయన కళ్లలోకి కొట్టింది. వెళ్లిపోయాడు.

బొమ్మ వచ్చింది. మనుషులు నీళ్లలోంచి బయటపడ్డారు.

పూలకూజా తీసి చిన్న కంప్యూటర్‌ను బయటికి లాగాను. "నా స్టూలు!" అంది అమ్మ.

మే 31, శనివారం. సాయంత్రం 6:00

కొత్త బూట్లు ఎక్కడని అమ్మ అడిగింది. చెప్పేశాను. బూట్ల సంగతి, బెంచి సంగతి, అన్నీ.

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"రెండేళ్లుగా వీధిలో ప్రతి ఆడదీ మీ అమ్మాయి ఏం చేస్తోందని అడుగుతుంటే జవాబులు వెతుక్కుంది నేను, హదీల్. ఇప్పుడు టీచరమ్మ అని చెప్పుకునే రోజొచ్చింది. అది వదిలి, మగాళ్ల వీధిలో స్క్రూలు బిగిస్తానంటావా? అతనింకా పని ఇస్తానని కూడా అనలేదు కదా?"

"ఇరవై రోజులు బతికితే ఇస్తాడు."

"బతక్కపోతే?" అన్నాడు ముహన్నద్ అన్న. ఈసారి వెక్కిరింపు లేదు. నిజంగానే అడిగాడు.

"ఇంకో ఇరవై రోజులు."

బీబీ వసారాలోంచి, "కరెంటు పోబోతోంది, చెప్పేదేదో త్వరగా చెప్పుకోండి" అంది. నిజంగానే పోయింది.

జూన్ 1, ఆదివారం. ఉదయం 7:30

టీవీ, పెట్టె, స్పీకర్లు మూడూ ఒకే పొడవాటి సాకెట్ బోర్డు మీద. ఆ బోర్డు మా ఇంటి కరెంటు మీద. ఉమ్ ఫర్ఖద్ గారి తీగ చుట్టచుట్టి గోడ మీంచి ఇచ్చేశాను. వాళ్లమ్మాయికి లెక్కలు మాత్రం చెబుతాను, పాపం భిన్నాల దగ్గర ఆగింది.

ఈసారి నియమాలు రెండే.

1. కొత్తది ఏదీ కొనకూడదు. (బీబీ కుర్చీ వెనక ఒక్క నీలం లైటు. అది కొన్నది కాదు, పైగా అడిగింది ఆవిడ.)
2. టీవీ, పెట్టె వేర్వేరు కరెంట్లు తినకూడదు. (దీనికి బ్రాకెట్లు లేవు.)

7:50

అమ్మ నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. నేను చూశాను. నేను చూశానని అమ్మ చూసింది.

సిత్ ఇబ్తిహాల్‌కు ఫోన్ చేశాను.

"ఆలస్యమవుతుందా అమ్మా? పర్వాలేదు, మొదటి రోజే కదా" అంది.

"రావడం లేదు" అన్నాను.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగుంది."

"మరి?"

"వేరే పని చూసుకున్నాను."

పెట్టేశాక అమ్మ అడిగింది, "కనీసం ఏదో ఒక సాకు చెప్పొచ్చుగా?"

నేను బడిలో చేరను. ఇరవై రోజులు పూర్తి చేసి ఉస్తా నాజిమ్ దుకాణంలో పనికి కూర్చుంటాను. ఇవాళ ఒకటో రోజు.